తీగకు కట్టిన ఎండు కొమ్మలు

మేం అద్దెకున్న ఇంటి ఓనరావిడ కాళ్ళు బాగుపడ్డాయని ఆ అక్టోబరులో అందరికంటే ముందు తెలిసింది నాకే. బాగుపడలేదని చెప్పిందీ నేనే. ఇన్నేళ్ళలో ఈ సంగతి మా ఆయనకి తప్ప మనవాళ్ళెవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప పని కాదు మరి.

మేం ఈ దేశంలో బాతెల్ అనే ఊరికి డెబ్బై తొమ్మిదిలో వచ్చాం. అప్పటికి అక్కడ పెద్ద ఆఫీసులూ లేవు, మనవాళ్ళూ లేరు. పొలాలు, గుర్రాల దొడ్లు, వాన, అంతే. మా ఆయనకి ఒక మెషీన్ షాప్‌లో పని, నాకు ముసలివాళ్ళుండే ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుగా పగటి డ్యూటీ. ఇంటావిడ పెద్దింట్లో ఉండేది. అదే దొడ్లో వెనకవైపున్న చిన్నింట్లో మేం అద్దెకుండేవాళ్ళం. ఆవిడ వెనక మెట్ల దగ్గర మొదలై కంచె పొడుగునా మా గుమ్మం దాకా ఒక రాస్ప్‌బెర్రీ పొదల వరుస ఉండేది. ఐదు గుంజలు పాతి, రెండు తీగలు లాగి, కొమ్మల్ని వాటికి కట్టేవారు. ఆవిడ వంటింటి కిటికీలోంచి చూస్తే ముందు కనిపించేది ఆ వరుసే.

ఆవిడకి డెబ్బై దాటాయి. పొడుగు మనిషి, తక్కువ మాట. భర్త పోయి రెండేళ్ళయింది. ఆ వరుస ఆయన నాటిందే. మేం వచ్చిన మొదటి జూలైలో ఒక గిన్నెడు పళ్ళు మా గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండానే వెళ్ళిపోయింది. ఎర్రగా, మధ్యలో డొల్లగా, వేలు తగిలితే చితికిపోయేంత మెత్తగా ఉన్నాయి. నేను వాటికి ఉప్పూ కారం పట్టించి పచ్చడి చేశాను. మా ఆయన రెండు ముద్దలు తిని, "పాపం, హాయిగా జామ్ అవ్వాల్సిన బతుకు, నీ చేతిలో పడింది," అన్నాడు. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా, ఇన్నేళ్ళకి ఆ మాటలు నాకు తెలుగులోనే గుర్తొస్తున్నాయి. అలాగే రాస్తాను.

ఎనభై ఒకటి మే నెలాఖరున ఆవిడ వెనక మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయిన మూడో రోజు ఆస్పత్రికి వెళ్ళాను. మంచం పక్కన ఆవిడ కొడుకున్నాడు. స్పొకేన్‌లో ఉంటాడు, కారులో ఐదారు గంటల దూరం. ఇల్లు అమ్మేసి తల్లిని తన ఊళ్ళోని వృద్ధుల హోమ్‌లో చేర్పించాలని అతని పట్టు. దురాశేం కాదు. ఆ మెట్ల కింద తల్లి రెండు గంటలు పడి ఉందని తెలిసిన దగ్గర్నుంచీ అతనికి నిద్ర లేదు. ఆవిడ పట్టు ఆవిడది. నా ఎదురుగానే ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు.

"ఏప్రిల్ దాకా ఆగు. అప్పటికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నా వరుస చివరిదాకా నేను నడవలేకపోతే, ఇల్లు అమ్ముకో. నేను నోరెత్తను," అంది ఆవిడ.

అతను సరేనన్నాడు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది. "వరుస నీకు అప్పగిస్తున్నాను. నీళ్ళు పెట్టు, పళ్ళు కొయ్యి. ఇంకేం చెయ్యక్కర్లేదు."

ఇంకేం చెయ్యక్కర్లేదంటే ఊరుకునే మనిషినైతే ఈ కథే లేదు. మాది కోనసీమ. మా నాన్న లంకలో అరటితోట కౌలుకి చేసేవాడు. ఆయన గునపం పట్టుకుని పిలకలు తీసేస్తూ వరసల్లో నడుస్తుంటే, వెనకే తిరిగి పెరిగినదాన్ని. తల్లి చెట్టు గెల వెయ్యకముందు పక్కన పిలకలు లేస్తే దాని బలమంతా అవే లాగేస్తాయి. ఇది మా ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు. జూన్ మొదటి వారంలో రాస్ప్‌బెర్రీ వరుస దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, పూత పూసిన కొమ్మల మొదళ్ళ చుట్టూ మోకాలెత్తున లేత పిలకలు గుబురుగా లేచి ఉన్నాయి. నా ఒళ్ళు మండిపోయింది. తోటకి దిక్కు లేకపోతే ఇంతే అనుకున్నాను.

అరటికైతే ఒక పిలక ఉంచాలి, తల్లి ఒక్కసారే కాస్తుంది కాబట్టి. దీని కొమ్మ మాత్రం చెక్కలా గట్టిగా ఉంది. జామచెట్టులా ఏటా కాస్తుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఒక్కటీ మిగల్చకుండా నలభై అడుగుల వరుసలో పిలకలన్నీ నేలమట్టానికి కోసేశాను. మళ్ళీ లేచినవాటిని జూలైలో మళ్ళీ కోశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఆవిడ నీళ్ళు పెట్టమంది కదే?" అన్నాడు.

"మీకు తెలీదు. మీది మెట్ట," అన్నాను.

ఆ ఏడు కాపు ఇంతా అంతా కాదు. ఒక్కొక్క పండు బొటనవేలి కణుపంత. రెండు రోజులకోసారి కోసి, ఆవిడ కోలుకుంటున్న హోమ్‌కి తీసుకెళ్ళేదాన్ని. ఆవిడ ఒక పండు తీసి వెలుతురులో పట్టుకుని చూసి, "ఇంత పెద్దవి ఆయన ఉన్నప్పుడు కూడా రాలేదు. ఏం చేశావు?" అంది. "మా నాన్న చిట్కా," అని నవ్వానే తప్ప ఏం చేశానో చెప్పలేదు. గొప్ప దాచుకుంటే ఇంకా గొప్ప కదా. ఆ రోజు చెప్పి ఉంటే అక్కడే తిట్టేది, అక్కడే అయిపోయేది.

ఆగస్టు చివర్లో ఆవిడ ఫోన్ చేసింది. "కాసిన కొమ్మలు ఈపాటికి ఎండిపోతుంటాయి. వాటిని నేలకి కోసెయ్యి. ఈ ఏడు లేచిన కొత్తవాటిని తీగకి కట్టు. వచ్చే ఏడు కాసేవి అవే," అంది.

"సరే మేడమ్," అన్నాను. ఫోన్ పెట్టేసి దొడ్లోకి పరిగెత్తాను. కొమ్మల ఆకులు నిజంగానే పసుపు తిరిగి రాలుతున్నాయి. కొత్తవేవి? కంపోస్టు కుప్పలో కుళ్ళుతున్నాయి. ఆలస్యంగా లేచినవి అక్కడక్కడా జానెడు జానెడున ఓ పాతికుంటాయేమో. నాకు తెలిసిన పంటే తప్ప వేరే పంట ఉండదనుకున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నమాట.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన నవ్వాడు కూడా. "ఫోన్ చేసి చెప్పెయ్. మిస్టేక్ అయింది, సారీ అను. కొండలేమైనా కరిగాయా?"

"అవి వాళ్ళాయన నాటినవండీ. వాటిని నేను చంపేశానని ఎలా చెప్పను?"

"చెప్పకపోతే కనిపించదా?"

కనిపించకుండా చేశాను. చచ్చిన కొమ్మల్ని కొయ్యలేదు. ఎండుటాకులు దులిపేసి, వాటినే నీటుగా సర్ది, మెత్తటి తాడుతో తీగకి కట్టాను. ఆకులు రాలాక కొత్త కొమ్మైనా పాత కొమ్మైనా దూరానికి పుల్లే. దగ్గరికెళ్తేనే తెలుస్తుంది. కొత్తది నున్నగా ఎర్రమట్టి రంగులో ఉంటుంది, పాతది బూడిద రంగులో బెరడు లేచిపోయి ఉంటుంది. కిటికీలోంచి ఆ తేడా తెలియదు. ఆవిడ దగ్గరికి రాకుండా ఉంటే చాలు.

సెప్టెంబరు చివర్లో ఆవిడ వాకర్‌తో ఇంటికొచ్చింది. కిటికీలోంచి వరుస చూసి, "చక్కగా కట్టావు," అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అక్టోబరు రెండో వారంలో ఒక పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ ఆవిడ వంటింట్లోకి చూశాను. వాకర్ గోడకి ఆనించి ఉంది. ఆవిడ మునివేళ్ళ మీద లేచి పై అరలోంచి కప్పు తీసుకుంటోంది. బరువు రెండు కాళ్ళ మీదా సమంగా ఉంది. తుంటి ఆపరేషన్ అయిన మనుషుల్ని నడిపించడమే నా ఉద్యోగం. ఈవిడ రేపో ఎల్లుండో వరుస దాకా నడిచేస్తుందని నాకు అర్థమైపోయింది.

ఆ శనివారం ఆవిడ కోటు తొడుక్కుని వెనక తలుపు తీసింది. నేను మా గుమ్మంలోంచి ఒక్క ఉదుటున వెళ్ళాను.

"వద్దు మేడమ్. ఇంకా టైమ్ కాలేదు. నేల తడిగా ఉంది."

"నా కాళ్ళు బాగానే ఉన్నట్టున్నాయే?"

"అలాగే అనిపిస్తుంది. ఎముక లోపల ఇంకా అతకలేదు. మళ్ళీ పడితే లేవడం ఉండదు. వాకర్ వదలకండి."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. నేను డ్యూటీకి వేసుకునే తెల్ల బూట్లతోనే ఉన్నాను. "నీకు తెలుస్తుందిలే," అని తలుపు వేసుకుంది. డాక్టరు చెబితే వాదించే మనిషి, నేను చెబితే వినేసింది.

ఒక వారం అనుకున్నాను. వారంలో ధైర్యం తెచ్చుకుని చెప్పేద్దామనుకున్నాను. వానలు మొదలయ్యాయి. ప్రతి వారం ఒక సాకు. నవంబరులో వాళ్ళబ్బాయి మా ఇంటికి ఫోన్ చేశాడు. "మీరు నర్సు, రోజూ చూస్తున్నారు. నిజం చెప్పండి, అమ్మ ఎలా ఉంది?" అన్నాడు. బాగుందంటే, అయితే దొడ్లో నడిపించండి అంటాడు. అలవాటైన అబద్ధమే నోట్లోంచి వచ్చేసింది. "ఆశించినంత లేదు. స్టడీగా లేరు," అన్నాను. "థాంక్స్. మీరు ఉన్నారు కాబట్టి సరిపోయింది," అన్నాడు.

ఈ మాట మాత్రం మా ఆయనకి చెప్పలేదు. ఆయనకి తెలిసింది కొమ్మల సంగతి ఒక్కటే. మా ఇంట్లో భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఆయన చేస్తాడు, నేను ఆమేన్ అంటాను. డిసెంబరు నుంచి ఆయన ప్రార్థనలో ఒక కొత్త మాట చేరింది. "ప్రభువా, మా ఇంటి యజమానురాలి కాళ్ళను ముట్టి స్వస్థపరచుము." రోజూ ఆమేన్ అన్నాను. కంచంలో సగం అన్నం వదిలేసేదాన్ని. "డైటింగా?" అని ఏడిపించేవాడు.

ఆవిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. పొద్దున అందులో కూర్చుంటే మళ్ళీ చీకటి పడ్డాకే లేచేది. జనవరిలో వాకర్‌తో బాత్రూముకి నడవడం కూడా తగ్గింది. ఫిబ్రవరిలో పాదాలు వాచాయి, పిక్కలు సన్నబడ్డాయి. కూర్చోబెట్టిన రోగి కాళ్ళు ఎలా అయిపోతాయో నాకు ఒకరు చెప్పాలా? పగలంతా డ్యూటీలో ముసలివాళ్ళని, "లేవండి, నడవండి, కూర్చుంటే కాళ్ళు పోతాయి," అని గదమాయించేదాన్ని. సాయంత్రం వచ్చి ఈవిడకి కాళ్ళ కింద దిండు సర్దేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసేది. అయినా నోరు పెగలలేదు. కొమ్మల సంగతైతే ఒక తప్పు. కాళ్ళ సంగతి చెబితే ఉద్యోగం, ఇల్లు, మా ఇద్దరి పరువు, అన్నీ గాల్లో కలుస్తాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

మార్చిలో ఒక సెలవు రోజు, ఈ బెర్రీలే పండించే ఒక రైతు దగ్గరికి డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. వేళ్ళతో సహా కొమ్మలు కొని, తెచ్చి పాతిపెడదామని. ఆయన ఎండుగడ్డి నోట్లో నములుతూ అంతా విని, "ఇప్పుడు నాటితే ఈ ఏడు ఆకులే చూస్తారు. నాలుగు పళ్ళు కూడా రావు," అన్నాడు. తిరిగొస్తుంటే దారిలో పరాయి పెరళ్ళలో రాస్ప్‌బెర్రీ కొమ్మలకి కణుపు కణుపునా పచ్చటి మొగ్గలు విచ్చుకుని ఉన్నాయి. అప్పటిదాకా నేను దాని గురించే ఆలోచించలేదు. చలికాలం పుల్లలన్నీ ఒకటే. చిగురు వేసే కాలంలో చచ్చినవి చచ్చినట్టే ఉంటాయి.

ఏప్రిల్ మొదటి వారానికి ఊరంతా పచ్చబడింది. మా వరుస మాత్రం బూడిద రంగులో అలాగే ఉంది. ఆవిడ రోజూ కిటికీలోంచి చూస్తూ, "ఈ ఏడు చిగురు ఆలస్యమైందే," అనేది. శనివారం కొడుకు వస్తున్నాడని తెలిసింది. గడువు అయింది, ఇల్లు అమ్మే కాగితాలు తెస్తున్నాడు.

శుక్రవారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర మా ఆయన కళ్ళు మూసుకుని, "ప్రభువా, రేపు ఆమె కొడుకు మనసు మార్చుము. ఆ కాళ్ళకి బలమిమ్ము," అన్నాడు. ఆగాడు. నేను ఆమేన్ అనలేదు. ఆయన కళ్ళు తెరిచాడు. నేను ఏడుస్తున్నాను. అక్టోబరు నుంచి జరిగిందంతా చెప్పాను.

"ఇన్ని నెలలు దేవుణ్ణి నాతో ఏం అడిగించావే?" అన్నాడు. కంచం పక్కకి నెట్టేశాడు. "మార్నింగ్ వెళ్ళి చెప్పు. నేను రాను. ఆ కొమ్మలు కట్టింది నువ్వే."

పొద్దున నేను వెళ్ళేసరికి కొడుకు వంటింట్లో నిలబడి ఉన్నాడు. బల్ల మీద కాగితాలున్నాయి. ఆవిడ కిటికీ కుర్చీలో ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. జూన్‌లో పిలకలు కోసిన దగ్గర మొదలుపెట్టి, ఆగస్టులో చచ్చినవి కట్టడం, అక్టోబరులో తలుపు దగ్గర ఆపడం, నవంబరులో ఫోన్‌లో చెప్పిన మాట, ఏదీ దాచకుండా చెప్పేశాను.

కొడుకు ముఖం ఎర్రబడింది. "అంటే అమ్మ నడవగలిగేదా?"

"అక్టోబరులో నడవగలిగేవారు."

"మరి ఇప్పుడు?"

నేను ఆవిడ వాచిన పాదాల వైపు చూశాను.

ఆవిడ నా వైపు చూడలేదు. వరుస వైపే చూస్తోంది. "కొమ్మలదేముంది. వేళ్ళు బతికే ఉంటాయి, రెండేళ్ళలో మళ్ళీ లేస్తాయి. మొదటి ఏడు నేనూ అదే పని చేశాను. ఆయన వారం రోజులు నవ్వాడు," అంది. తర్వాత తన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. "వీటి సంగతి మాత్రం నాకు అప్పుడే చెప్పాల్సింది. రోజూ పొద్దున లేవగానే, ఇవి లేస్తామంటున్నాయి, నర్సు వద్దంది, నాదే భ్రమ అనుకున్నాను. కొన్నాళ్ళకి అవి లేస్తామనడం మానేశాయి."

ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. కొడుకు వాకర్ జరిపితే వద్దంది. వెనక తలుపు తీసి, కమ్మీ పట్టుకుని మూడు మెట్లూ దిగింది. కమ్మీ వదిలేసింది. చేతులు రెండూ కాస్త ఎడంగా పెట్టుకుని వరుస పక్కన నడవసాగింది. కొడుకు మెట్ల మీదే ఆగాడు. ఒప్పందం అతనికీ గుర్తుంది. నేను పచ్చికలో నిలబడ్డాను. ప్రార్థన కూడా రాలేదు, "నడువమ్మా, నడువమ్మా," అని మాత్రం అనుకున్నాను.

మొదటి గుంజ దాటింది. అడుగులు పొట్టివవుతున్నాయి. రెండో గుంజ దగ్గర ఎడమ మోకాలు వణకడం మొదలైంది. అయినా ఇంకో అడుగు వేసింది. ఒళ్ళు తూలింది. పట్టుకోవడానికి చెయ్యి చాస్తే నేను కట్టిన కొమ్మ చేతిలోకొచ్చి, పుటుక్కున విరిగింది. తర్వాత తీగ దొరికింది. దాన్ని పట్టుకుని నిలబడిపోయింది. ఇంకా మూడు గుంజల దూరం ఉంది.

నేను ఆలోచించకుండానే పరిగెత్తి ఆవిడ చంక కింద చెయ్యి వేశాను.

"నువ్వు కాదు," అంది.

చెయ్యి తీసేశాను. కాళ్ళు రెండూ గడగడలాడుతున్నా తీగ పట్టుకుని అలాగే నిలబడింది, కొడుకు మెట్లు దిగి వచ్చేదాకా. అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. నా పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగింది.

"అక్టోబరులో నువ్వు చెప్పింది ఇప్పుడు నిజమైంది," అంది.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఆవిడ కిటికీ వైపు కుర్చీలో కూర్చోలేదు. బల్ల దగ్గర కూర్చుని కొడుకు దగ్గర పెన్ను అడిగి తీసుకుంది.